పైగూట్లో పెట్టిన మాత్రల డబ్బా

మా ఇంట్లో మాత్రల డబ్బా చాలాకాలం వంటింటి తలుపు పైనున్న గూట్లో ఉండేది. పిల్లవాడికి అందకూడదని కాదు, పెద్దవాళ్ళకు అందకూడదని. మందులు పిల్లలకు దూరంగా ఉంచమని ప్రతి అట్ట మీదా రాస్తారు. పెద్దల సంగతి ఎవరూ రాయరు. అందుకని నేను రాస్తున్నాను.

త్రిపురాంతకం దగ్గరి ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని నేను. మా నాయనకు గొర్రెల మంద ఉంది, మా వీధిలోనే ఉంటాడు. మా అమ్మ నేను పదో తరగతిలో ఉండగా పోయింది. అక్క లేకపోయినా అక్క బిడ్డయినా ఇంట్లో తిరుగుతుందని అమ్మ తమ్ముడు ఓబులేసుకే నన్నిచ్చి చేశారు. అంటే నా మేనమామే నా భర్త. అమ్మను కన్న అవ్వే నాకు అత్త. పెళ్ళికి ముందూ ఆయన్ని మామా అనే పిలిచాను, ఇప్పుడూ అంతే. మా వైపు ఇందులో వింతేమీ లేదు. సంబంధం వెతికే శ్రమ తప్పిందని పెళ్ళిలో అందరూ మా నాయనను అభినందించారు కూడా.

మొదటి కాన్పు

మొదట ఆడపిల్ల పుట్టింది. మార్కాపురంలో కాన్పు. మంచి బరువుతో, ఒత్తయిన జుట్టుతో పుట్టింది. పాలు పట్టేది కాదు. రొమ్ము నోట్లో పెడితే రెండు గుక్కలు పీల్చి నిద్రపోయేది. ఒళ్ళు పసుపు ముద్దలా అయింది. ఇంటికొచ్చిన వారంలోపే ఒకనాటి పొద్దున ఒళ్ళంతా చల్లబడి, కాళ్ళూ చేతులూ కొట్టుకుని, మేము ఆటో ఎక్కేలోగానే పోయింది. పేరైనా పెట్టలేదు.

ఎందుకు పోయిందో చెప్పడానికి ఊరంతా ముందుకొచ్చింది. పచ్చి బాలింతరాలు దొడ్లోకి పోయింది కాబట్టి గాలి సోకిందన్నారు. నా పాలు చెడ్డవన్నారు. అవ్వ మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని తన చేతులు తానే చూసుకుంటూ ఉంది. ఆసుపత్రిలో అడిగితే ఇన్ఫెక్షన్ అన్నారు. ఆ ఒక్క మాట తప్ప మాకేమీ దక్కలేదు.

ఏడవని బిడ్డ

రెండేళ్ళకు కేశవ పుట్టాడు. వాడికీ పచ్చకామెర్లే. పుట్టిన పిల్లలందరికీ వస్తాయి, పొద్దుటి ఎండలో పెట్టండన్నారు. పెట్టాము. అందరి పిల్లలకూ తగ్గినట్టు తగ్గలేదు, నెల దాటినా కళ్ళు పసుపుగానే ఉన్నాయి. వాడసలు ఏడ్చేవాడే కాదు. ఆకలికి ఏడవడు, తడిస్తే ఏడవడు. చూడవచ్చిన ప్రతి మనిషీ మెచ్చుకునేది. "ఎంత బుద్ధిమంతుడమ్మా, ఇంట్లో బిడ్డ ఉండాడనే తెల్వదు" అనేవాళ్ళు.

ఇది చదివే తల్లులకు ఒక్క మాట చెబుతాను. ఏడవని బిడ్డను మెచ్చుకోకండి. ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తండి.

ఏడాది నిండాక కొన్ని పొద్దుల్లో లేపితే లేచేవాడు కాదు. మెడ వాలిపోయి, కళ్ళు పైకి తిరిగిపోయేవి. ఒకసారి మా నాయన భయపడి ఇంత బెల్లం నీళ్ళు నోట్లో పోశాడు. కాసేపటికి కళ్ళు తెరిచాడు. బెల్లం నీళ్ళకు లేచే బిడ్డకు జబ్బు ఎక్కడుందో ఎవరైనా ఆలోచించాలా వద్దా? ఆలోచించలేదు. ఫిట్స్ అన్నారు, సిరప్ రాశారు. ఆ సిరప్ తాగించినన్నాళ్ళూ వాడు ఇంకా మత్తుగా పడుకునేవాడు.

మా సెంటర్లో నెలనెలా పిల్లల బరువు తూచేది నేను, ఎత్తు కొలిచేది నేను. ఊరి పిల్లలందరూ గోడ మీది గీతలు దాటుకుంటూ పోతున్నారు. నా కొడుకు అదే గీత కింద నిలబడి ఉన్నాడు. నిరుడు కుట్టించిన చొక్కా ఈ ఏడూ సరిపోతుంటే ఖర్చు తగ్గిందని మామ నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. "టీచరమ్మ కొడుకే ఎదగకపోతే మన పిల్లలేం ఎదుగుతారు, గుడ్లన్నీ ఎటు పోతున్నయ్యో" అని బావి దగ్గర ఒకావిడ నాకు వినపడేలాగే అంది. గుడ్లు మేమే తినుంటే వాడు ఎదిగుండాల్సింది కదా, ఆ మాత్రం లెక్క కూడా రాదు మనుషులకు.

వాడికి ఐదో ఏడు నడుస్తుండగా నేను ఎవరినీ అడగకుండా గుంటూరు తీసుకుపోయాను. నాయన ఒక్కడే వెంట వచ్చాడు.

గుంటూరు

పిల్లల ఆసుపత్రి వరండాలో పొద్దుట్నించీ కూర్చున్నాం. పక్కన కూర్చున్న ఆవిడ కేశవను చూసి, "పాపం, ఇంకా మాటలు రాలేదా బుజ్జిగాడికి?" అంది. వాడు రెండేళ్ళ పిల్లవాడంత ఉన్నాడు మరి. వాడు ఎదురుగా ఉన్న బోర్డు కూడబలుక్కుని పైకి చదివాడు. "చెప్పులు బయట విడువవలెను" అని చదివి ఆవిడ కాళ్ళకేసి చూశాడు. ఆవిడ చెప్పులు విడిచి వచ్చి, తన టిఫిన్ డబ్బాలోంచి వాడికి రెండు ఇడ్లీలు పెట్టింది. ఆ రోజంతా నేను నవ్వింది అప్పుడొక్కసారే.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. వాణ్ణి పరీక్షించి, నేను చెప్పిందంతా విని రెండే ప్రశ్నలడిగింది. ఇంతకుముందు పిల్లలు పోయారా? మీది దగ్గరి సంబంధమా? నేను రెండింటికీ అవునన్నాను. అప్పటిదాకా నన్ను ఏ డాక్టరూ ఈ రెండూ కలిపి అడగలేదు. ఇన్నేళ్ళూ ఆ రెండు జవాబులూ నా నోట్లోనే ఉన్నాయి.

తరవాత రక్తాలు తీశారు, తలకు స్కానింగ్ తీశారు. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుందట, పీయూష గ్రంథి. ఒళ్ళు ఎదగమని చెప్పేది అదే, రక్తంలో చక్కెర నిలపమని చెప్పేది అదే, జ్వరమొస్తే తట్టుకోమని చెప్పేదీ అదే. కేశవకు అది పుట్టుకతోనే సరిగా పనిచేయడం లేదు. అది ఇవ్వాల్సినవి మనం బయటి నుంచి ఇవ్వాలి, బతికినంతకాలం. పరగడుపున థైరాయిడ్ మాత్ర, రోజుకు మూడు పూటలు ఇంకో మాత్ర, పడుకునే ముందు ఎదుగుదలకు సూది.

"మిగతావి ఒకపూట మరిచిపోయినా కొంప మునగదు. ఈ మూడు పూటల మాత్ర మాత్రం ఆపితే ప్రాణం పోతుంది. జ్వరమొస్తే ఆపడం కాదు, రెట్టింపు వేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఈ ఇంజెక్షన్ మీరే చేసి ఆసుపత్రికి రావాలి" అని డాక్టరమ్మ నా చేత మూడుసార్లు అప్పజెప్పించుకుంది. తొడకు సూది ఎలా వేయాలో నర్సమ్మ బత్తాయి పండు మీద నేర్పింది. అసలు తప్పు ఎక్కడుందో తెలియాలని కేశవ రక్తం, నా రక్తం హైదరాబాదు పంపారు, మామది మార్కాపురంలో తీయించి పంపమన్నారు. దానికి కొన్ని నెలలు పడుతుందన్నారు.

ఇంటికొచ్చి మామకు చెప్పాను, అవ్వకు చెప్పాను. డబ్బా చూపించాను. జ్వరమొస్తే రెట్టింపు అని వాళ్ళ చేతా అనిపించాను. మాత్రలు పడ్డ నెలకే వాడు పొద్దున్నే తనంతట తాను లేచి, అన్నం పెట్టమని గోల చేశాడు. వాడి గోల ఇంట్లో అంత గట్టిగా వినపడడం అదే మొదలు.

అమ్మవారు పోసిన వేసవి

ఎండలు ముదురుతున్న రోజుల్లో పొదిలిలో మాకు రెండు రోజుల ట్రైనింగ్ పడింది. మొదటి రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి మాత్ర వేశారా అని అడిగాను. "ఆ, బాగనే ఉండాడు" అన్నాడు మామ. రెండో రోజూ అదే మాట. అడిగిందొకటి, చెప్పిందొకటి అని నాకప్పుడు తట్టలేదు.

రెండో రోజు సాయంత్రం ఇంటికొస్తే గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. అవ్వ పసుపు నీళ్ళ చెంబుతో ఎదురొచ్చింది.

"కాళ్ళు కడుక్కొని రా తల్లీ. బిడ్డకు అమ్మవారు పోసింది. నిన్న పొద్దున లేసేసరికి ముఖం మింద రెండు పొక్కులు. తాలింపు పెట్టలే, సబ్బు ముట్టలే, అంతా సల్లగ జూసుకుంటుండా."

"మాత్రలు?"

"అమ్మ ఇంట్లో ఉండంగ ఇంగిలీసు మందులేందే? డబ్బా దేవుని గూట్లో పెట్టినా. అమ్మ పోయినాంక ఏసుకుంటాడులే."

ఆటలమ్మ పోస్తే మందు ముట్టకూడదు, సూది అసలే పొడవకూడదు. మా వైపు ఈ మాట అందరికీ తెలుసు. మామూలు పిల్లలకు అదేమీ చేయదు, పొక్కులు వాటంతటవే మాడిపోతాయి. ఈ బిడ్డకు మాత్రం అది ఊపిరి తీసి పక్కన పెట్టడమే. జ్వరంలో రెట్టింపు పడాల్సిన మాత్ర నిన్న పొద్దుటి నుంచీ ఒక్కటీ పడలేదు.

లోపల వేపాకు పరుపు మీద వాడు పడుకుని ఉన్నాడు. తాగిన మజ్జిగంతా కక్కుకున్నాడు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, పిలిస్తే ఇటు తిరగలేదు. అరికాళ్ళు పట్టుకుంటే చన్నీళ్ళలో చెయ్యి పెట్టినట్టుంది. నా మొదటి బిడ్డ కాళ్ళు చివరిసారి పట్టుకున్నప్పుడూ అలాగే ఉన్నాయి.

దేవుడి గూట్లోంచి డబ్బా లాగాను. పసుపూ కుంకుమా నా మీద పడ్డాయి. సూదిలోకి మందు ఎక్కిస్తుంటే అవ్వ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ వయసులో ఆ పట్టు ఎక్కడిదో నాకు తెలియదు.

"సూది పొడిస్తే అమ్మ కండ్లల్లోకి దిగుతది. బిడ్డకు సూపు పోతది. నా మాట ఇను."

"చెయ్యి ఇడువవ్వా."

"నేను నా కొడుక్కు అట్లనే మందు పోసి పోగొట్టుకున్నానే. నీకు తెల్వదు."

ఆ మాట చెవిన పడింది, తలకెక్కలేదు. నేను ఆమెను తోసేశాను. అవ్వ గోడకు తగిలి కూర్చుండిపోయింది. ఆ తోపుకు నేను ఇవాళ్టికీ విచారించను. తొడ మీద వేలు ఆనించి, బత్తాయి పండు గుర్తు తెచ్చుకుని సూది వేశాను. మామ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీకు తెలుసు గదా మామా. ఫోన్లో బాగనే ఉండాడంటివే?"

"మా అమ్మ మాట కాదనలేకపోయినా" అన్నాడు. కొడుకు ప్రాణాన్ని కాదనగలిగిన మనిషి, అమ్మ మాటను కాదనలేకపోయాడట.

వాణ్ణి భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాను. ఎవరో చెప్పినట్టున్నారు, మా నాయన మోపెడ్ స్టార్ట్ చేసుకుని సిద్ధంగా ఉన్నాడు. వీధిలో నలుగురూ చేరారు. అమ్మ ఒంటి మీదున్న బిడ్డను పొలిమేర దాటించకూడదని, ఊరికి అరిష్టమని అడ్డం నిలబడ్డారు. మా నాయన బండి దిగలేదు.

"అమ్మ నా బండి మింద కూసోని వస్తాదిలే. దండం పెట్టుకునేటోళ్ళు పెట్టుకోండి, లేదంటే తప్పుకోండి" అన్నాడు.

తప్పుకున్నారు. ఇద్దరు ముగ్గురు నిజంగానే దండం పెట్టారు.

మార్కాపురంలో డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఈ జబ్బు సంగతి తెలియదు. "నేను ఇట్లాంటి కేసు చూడలేదమ్మా, ఒక్క నిమిషం, మీ డాక్టరమ్మ నంబరివ్వండి" అన్నాడు. నా ముందే ఫోన్ చేసి, ఆమె చెప్పిందల్లా వింటూ అలాగే చేశాడు. తెలియదని నోరు తెరిచి చెప్పిన మొదటి డాక్టరు ఆయనే. అప్పటిదాకా మాకు తగిలినవాళ్ళంతా అన్నీ తెలిసినవాళ్ళే. ఒక నర్సు తన చున్నీ తీసి వాడి కాళ్ళకు చుట్టింది. సెలైన్ సగం ఎక్కాక వాడు నన్ను చూసి, "అన్నం తాలింపు లేకుండా పెడ్తాంది అవ్వ, నాకు వద్దు" అన్నాడు. నేను బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

పొక్కులు మాడాక ఇంటికి తీసుకొచ్చాం. బిడ్డను కాపాడింది అమ్మవారేనని ఊళ్ళో పొంగళ్ళు పెట్టారు. నేను పోలేదు. అమ్మవారి మీద నాకేం పేచీ లేదు, ఆమె మందు మానమని నాతో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజే మాత్రల డబ్బా తలుపు పైగూట్లోకి ఎక్కింది. వాణ్ణి నాతోపాటు సెంటర్‌కు, తరవాత మా సెంటర్ పక్కనే ఉన్న బడికి తీసుకుపోయి, మూడు పూటలూ నేనే వేసేదాన్ని.

రక్తం చెప్పిన మాట

హైదరాబాదు రిపోర్టు వచ్చిందంటే మళ్ళీ గుంటూరు పోయాం. ఈసారి మామ కూడా వచ్చాడు. డాక్టరమ్మ కాగితం మీద గీతలు గీసి చెప్పింది. ఆ గ్రంథిని తయారుచేసే జీన్ మనిషికి రెండుంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. నాలో ఒకటి పాడై ఉంది, మామలోనూ అదే పాడై ఉంది. ఒకటి బాగుంటే మనిషికి ఏమీ తెలియదు. రెండూ పాడైనవే బిడ్డకు వస్తే కేశవకు వచ్చిన జబ్బే వస్తుంది. బహుశా పోయిన ఆడపిల్లదీ ఇదే జబ్బు అయ్యుంటుందని అంది. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అలా జరగవచ్చు. బయటి సంబంధంలో ఆ పాడైనది ఎదురుపడడం అరుదు. ఒకే ఇంట్లో రెండు వైపులా అదే తిరుగుతూ ఉంటుంది.

మామ తల వంచుకున్నాడు. మా నాయన మాత్రం కాగితం వైపు చూసి తలూపాడు. వెంటనే అర్థమైంది ఆయనకు. ఎందుకు అర్థం కాదు? రెండేళ్ళకోసారి కంభం వైపు మందలోళ్ళతో మాట్లాడుకుని విత్తనపు పొట్టేలును మార్చుకొచ్చే మనిషి ఆయన. మన మందలో పుట్టిన పొట్టేలును మన మంద మీద వదలకూడదు, పిల్లలు పీలగా పుడతాయి, పాలు పట్టవు, చస్తాయి. నా చిన్నప్పుడు ఈ మాట నాకు చెప్పింది ఆయనే.

బస్సులో అడిగాను. "గొర్రెల మిందున్నపాటి విచారం నా మింద లేకపాయనా నాయనా?"

వినుకొండ దాటాక అన్నాడు, "గొర్రెలయితే అమ్ముకునేటియి. బిడ్డయితే కండ్ల ముందర ఉండాలనుకుంటిమి."

ఆ జవాబుకు నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ప్రేమ అని చెప్పాక ఇంకేమనాలి మనిషి?

ఇంటికొచ్చి ఆ కోపమంతా అవ్వ మీద పోశాను. గాలీ లేదు, ధూళీ లేదు, నా పాలు చెడ్డవీ కావు, నీ ఇంటి రక్తమే మీ తాతల నాటి నుంచీ లోపల్లోపలే తిప్పుకుంటున్నారు, అది నా పిల్లల్ని తినింది అన్నాను. అవ్వది కూడా మేనరికమే. ఆమె వింటూ కూర్చుంది. నేను అలసిపోయి ఆగాక మెల్లగా అడిగింది.

"మా పెద్దోడు కూడా ఇట్లనే పొద్దున లేసేటోడు గాదు. ఈడు మాదిరే సన్నగ ఉండె. అమ్మవారు పోసినప్పుడు మీ తాతకు తెల్వకుండ నాటు వైద్యం జేసే ఆచారి దగ్గర మందు తెచ్చి పోసినా. తెల్లారేసరికి లేడు. ఆ మందు పోసినందుకు అమ్మ తీసకపోయిందన్నారు. అయితే నేను మందు పోసినందుకు గాదా?"

"గాదవ్వా. నువ్వు పోసింది ఈ మందు గాదు. ఈ మందు అప్పుడు ఊళ్ళో ఎవరికీ తెల్వదు."

అవ్వ లేచి నాయన గొర్రెల దొడ్లోకి పోయింది. చాలాసేపు రాలేదు. ఊరు ఊరంతా కలిసి ఒక మనిషికి, నీ కొడుకును నువ్వే చంపుకున్నావని చెప్పి, జీవితాంతం దాన్ని మోయించింది. అది విన్నాక నా కోపం పెరిగిందే గానీ తగ్గలేదు. దాన్ని పెట్టుకోవాల్సిన చోటు మాత్రం మారింది.

ఇప్పుడు

పడుకునే ముందు ఎదుగుదల సూది వేసే పని మామకు అప్పజెప్పాను. ఆయన చేతులు ఇప్పటికీ వణుకుతాయి, వణకనీ. కేశవ గోడ మీది గీత దాటాడు, తరవాతి గీతకు ఎగబడుతున్నాడు. మా వీధిలో ఒక పిల్లను మేనమామకు ఇస్తున్నారంటే వెళ్ళి చెప్పి వచ్చాను, మీ రెండు ఇళ్ళలో పసిబిడ్డలు పోయారేమో ఒక్కసారి అడిగి చూసుకోండని. నోటి దురుసు మనిషినని పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగానే ఉంది.

మొన్న వానలకు బడికి సెలవిచ్చారు. వాణ్ణి ఇంట్లో దిగబెట్టి, మధ్యాహ్నం మాత్రకు నేనే వస్తానని వాగవతల ఉన్న సెంటర్‌కు పోయాను. వాగు పొంగి దారి ఆగిపోవడంతో వచ్చేసరికి పొద్దు వాలింది. చెప్పులతోనే లోపలికి పరిగెత్తాను. వంటింట్లో పీట మీద బియ్యం డబ్బా, దాని మీద ఇంకో పీట. తలుపు పైగూడు ఖాళీగా ఉంది. అవ్వ మోకాళ్ళు పట్టుకుని కింద కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో మాత్రల డబ్బా ఉంది. పక్కన కేశవ పలక మీద బొమ్మ గీస్తున్నాడు.

"ఒళ్ళు కాలుతుంటే రెండు మింగిచ్చినా" అంది అవ్వ. "అమ్మ కోప్పడితే నా మింద కోప్పడనీ."

ఆ వయసులో అంత ఎత్తు ఎక్కిందని తిట్టాలనిపించింది. ముందు పిల్లవాడి దగ్గరికి పోయాను. వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. తరవాత ఆమె ఒళ్ళోంచి డబ్బా తీసుకుని, ఆమె ఎదురుగానే మాత్రలు లెక్కపెట్టాను. నమ్మకం అంత తొందరగా రాదు నాకు.

అవ్వ చిన్నబుచ్చుకోలేదు. "లెక్కబెట్టుకో తల్లీ" అంది. "నా పెద్దోని కాడ ఎవరన్నా అట్ల లెక్కబెట్టుంటే బాగుండు."

లెక్క సరిపోయింది. డబ్బాను అవ్వకు అందే గూట్లో పెట్టాను.